ఖాళీ అంటే నమ్మని మనిషి

మా బావ పోయాడు. రియాద్ శివార్లలో, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ వాళ్ల విడిదింట్లో, శుక్రవారం పట్టపగలు, తుపాకీ పేలి పోయాడు. నేను సులైలోని మా గదికి తిరిగి వచ్చేసరికే కబురు నాకంటే ముందు చేరింది, తోక తగిలించుకుని మరీ: "చూసుకోలేదంట." ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే. నన్నేమన్నా పడతాను గానీ, మా బావని ఆ మాట అంటే పడను.

ఆయన మా అక్క పెనిమిటి. మాది జగిత్యాల వైపు. సులైలో మా కఫీల్‌దే ఒక లేతు షాపు. అందులో బావ ఫిట్టర్, నేను వెల్డర్ని. కఫీల్‌కి తాతల నాటి వేట తుపాకులంటే పిచ్చి. అన్నీ లైసెన్సు ఉన్నవే. వాటిని విప్పి బాగుచేసే సరదా మాత్రం వీడియోలు చూసి పట్టుకుంది. చేతికి ఏది దొరికితే అది పెట్టి తిప్పేవాడు. ఒకసారి ప్లయర్‌తో ఓ పాత పేచ్, అదే స్క్రూ, తల చెక్కేసి, బిక్కమొహం వేసుకుని బావ దగ్గరికి తెచ్చాడు. అప్పట్నుంచీ శుక్రవారాలు జుమ్మా నమాజు అయ్యాక మమ్మల్నిద్దరినీ విడిదింటికి తీసుకుపోయేవాడు.

అక్కడ వెనక షెడ్డులో బావ పని చూడాలి. ముందు పేచ్ గాడిలో గోరు పెట్టి చూసేవాడు. తర్వాత దాన్ని తిప్పే పేచ్‌కస్ మొనని ఆ గాడిలో బిగువుగా కూర్చునేదాకా సానరాయి మీద అరగదీసేవాడు. "యాల్లా, యాల్లా" అని కఫీల్ తొందరపెడితే, నా వైపు తిరిగి గొణిగేవాడు: "పేచ్‌ను బట్టి పేచ్‌కస్ అరగాలె గని, పేచ్‌కస్‌ను బట్టి పేచ్ అరుగుతదారా బామ్మర్దీ?" ఇనుప సుత్తిని ఆ బల్ల దరిదాపులకి రానిచ్చేవాడు కాదు. చెక్క సుత్తి, ఇత్తడి కడ్డీ, అంతే. స్ప్రింగులున్న భాగం విప్పేటప్పుడు కఫీల్ అయినా సరే కళ్లద్దాలు పెట్టాల్సిందే. "కన్ను పోతే ఏ దుకాన్ల దొరుకుతది?" అనేవాడు.

అన్నిటికంటే గట్టి పట్టు ఇంకోటి ఉండేది. తుపాకీ ఎవరిచ్చినా, తీసుకున్నచోటే నిలబడి, గొట్టం మనుషుల్లేని వైపు తిప్పి, తెరిచి, తూటా కూర్చునే అరలోకి చూసి, చిటికెనవేలు పెట్టి తడిమితే గానీ అడుగు కదిపేవాడు కాదు. మొదటిసారి కఫీల్ తండ్రి, ముసలాయన, అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో తుపాకీ అందిస్తూ "ఫాదీ" అన్నాడు, ఖాళీ అని. బావ అయినా తెరిచాడు. ముసలాయన కళ్లెర్రజేశాడు. ఇంటి పెద్ద మాట ఇచ్చాక కూడా వేలు పెట్టి చూడటమంటే, నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టే. బావ కాస్త వంగి, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు: "బాబా, నేను నీ మాటను చూడటం లేదు, తుపాకీని చూస్తున్నాను." ముసలాయన కాసేపు గుచ్చి చూసి, పకపకా నవ్వి, ఖావా, అంటే అరబ్బీ కాఫీ, గిన్నె తనే అందించాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటి దగ్గరా అంతే. సెలవు మీద పోతే, వంట కాగానే గ్యాస్ బందు చేశావా అని అక్కని అడిగేవాడు. చేశానని చెప్పినా లేచి వెళ్లి చూసి వచ్చేవాడు. అక్క గయ్యిమనేది. "నా మాట మీద నమ్మకం లేదా నీకు? కట్టుకున్నదాన్ని!"

"నీ మీద ఉన్నది. నాబ్ మీద లేదు."

అక్క మూతి ముడుచుకుని కూర్చునేది.

ఆ గురువారం కఫీల్ షాపుకొచ్చాడు. తన వియ్యంకుడు దమ్మామ్ నుంచి వస్తున్నాడనీ, బాగుచేయడానికి పాత తుపాకీ తెస్తున్నాడనీ చెప్పి, గొంతు తగ్గించాడు. ఆయన ముందు తెరిచి చూడొద్దన్నాడు. ఐబ్, అంటే పరువు తక్కువ. నాకు ఒళ్లు మండిపోయింది. గదిలో ఉల్లిగడ్డలు కోస్తూ, "ఈ వారం రానని చెప్పు బావా" అన్నాను.

"ఆయన ఇంట్ల ఆయన ఇజ్జత్ తీస్తమారా, గదీ వియ్యంకుని ముంగట? షెడ్డుకు తెచ్చినంక చూస్త తియ్. ఎంత దూరం?"

దూరమేమీ కాదు. మజ్లిస్ గుమ్మం దిగితే వాకిలి, వాకిలి దాటితే షెడ్డు. మర్నాడు నేను షెడ్డులో బల్ల తుడుస్తున్నాను. బావ బట్టలో చుట్టిన తుపాకీని రెండు చేతులా పట్టుకొచ్చి బల్లకి ఆనించబోయాడు. తుపాకీ లోపల అరిగిపోయిన కొక్కెం ఆ కుదుపుకే జారి, ఉన్న తూటా పేలింది. మిగతాది రాయలేను. కళ్లద్దాలు మాత్రం పెట్టుకునే ఉన్నాడు.

పోలీసులతో కఫీల్ "తెరిచి చూసుకోలేదు" అన్నాడు. అబద్ధం కాదు. నా కడుపుమంటంతా అదే. శవం ఇంకా ఆసుపత్రి ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని ఇంటికి పంపే కాగితాలన్నీ కఫీల్ చేతుల మీదుగా పోవాలి. అక్క ఫోన్లో ఏడుపు ఆపుకుని అడిగింది: "తమ్మీ, గ్యాస్ నాబ్ సుత రెండుసార్లు చూసే మనిషి. తుపాకీ ఎట్ల చూసుకోలే? మీ నాయిన సోయి లేక పోయిండని పిల్లలకు చెప్పాలెనా?" కఫీలే వద్దన్నాడని చెబితే అది ఊరంతా పాకి, ఆయన చెవిన పడితే కాగితాలు ఏమవుతాయోనని, తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేశాను.

బావ పనిముట్లు తీసుకుపొమ్మని కబురొస్తే నిన్న విడిదింటికి పోయాను. ముసలాయన నన్ను మజ్లిస్‌లో కూర్చోబెట్టుకున్నాడు. నాకూ అర్థం కావాలని కాబోలు, ఒక్కో మాటా విడదీసి కొడుకుని అడిగాడు: "ఆ మనిషి నా మాటనే నమ్మలేదు. ఆ రోజు ఎందుకు చూడలేదు?"

కఫీల్ తల దించుకున్నాడు. "అనా" అన్నాడు. నేనే. నేనే వద్దన్నాను.

"పోలీసులకీ ఈ మాటే చెప్పు" అన్నాడు ముసలాయన. ఖావా గిన్నె మళ్లీ ముట్టలేదు. కొడుకు చెబుతాడో లేదో నాకు తెలియదు.

పనిముట్ల సంచి తెచ్చుకున్నాను. నిండా పేచ్‌కస్‌లే, ఒక్కోటి ఒక్కో పేచ్ కోసం అరగదీసినవి.

గదికి రాగానే అక్కకి ఫోన్ చేశాను. ఇక కాగితాలు ఏమైతే అయింది అనుకున్నాను. "బావ మరిచిపోలేదక్కా. ఆ ఒక్క రోజు చూడొద్దన్నరు. కఫీల్ వాళ్ల నాయిన ముంగట ఒప్పుకున్నడు."

అక్క ఏడవలేదు. "పిల్లలకు గట్లనే చెప్త" అంది. అంతలోనే, "ఉండు తమ్మీ, గ్యాస్ బందు చేసిన్నో లేదో" అంటూ లేచింది. వంట అయిపోయింది, అన్నీ బందు చేసి కూర్చున్నానని ఫోన్ ఎత్తగానే చెప్పిందే నాకు. అడుగుల చప్పుడు వంటింట్లోకి పోయింది, మెల్లగా తిరిగొచ్చింది.

"బందే ఉన్నది," అంది.