క్లిప్పు మీద తెల్ల గీత

ఉస్తాద్ పోయారని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఎల్బీనగర్‌లో కార్ల షెడ్డు నడిపిన మెకానిక్ ఆయన. కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. "గొప్ప పనిమంతుడండీ, అలాంటివాళ్ళు మళ్ళీ దొరకరు" అని అందరికంటే ముందు రాసింది మా కాలనీ సంఘం పెద్దమనిషి. చదివి ఫోను మంచం మీదికి విసిరేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కాలనీ కార్లు ఉస్తాద్ షెడ్డు గడప తొక్కకుండా చేసింది ఆ పెద్దమనిషే.

ఉస్తాద్‌ది నల్లగొండ వైపు పల్లె. నేను కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవాణ్ణి. టర్బో ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సార్ ఎక్కడుండాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది. అక్కడే ఎందుకుండాలో నాకు చెప్పింది మాత్రం ఉస్తాద్. ఫిల్టర్ దాటాక, టర్బోకు ముందు, గొట్టం తిన్నగా ఉన్నచోట.

"వంపు కాడ గాలి సుడి తిరుగుతది సార్. సుడి తిరిగేదాన్ని ఎట్ల కొలుస్తరు? జర నిమ్మలపడ్డంక కొలువాలె."

టర్బోకు మరీ దగ్గరగా జరిపితే ఇంజన్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి సెన్సార్ తీగకు అంటుకుని తప్పుడు లెక్క చెబుతుందని కూడా చూపించారు. సెన్సార్ బిగించాక గొట్టాన్నీ, సెన్సార్‌ని పట్టి ఉంచే క్లిప్పునూ కలుపుతూ తెల్ల పెయింటుతో ఒక గీత గీసేవారు. ఎవరైనా విప్పితే ఆ గీత మళ్ళీ కలవదు. "గీత కలిసున్నన్ని దినాలు జిమ్మేదారి నాది" అనేవారు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మధ్యాహ్నాలు షెడ్డు మూసి రిలే దీక్ష టెంటులో కూర్చునేవారు. పొద్దున మళ్ళీ మా కాలనీ ఆంధ్రావాళ్ళ కార్లే బాగుచేసేవారు. ఒక రాస్తారోకో రోజు, అంతకుముందే ఉస్తాద్ సెన్సార్ బిగించి ఇచ్చిన పెద్దమనిషి కారు, ఇంటిల్లిపాదీ లోపలుండగా, ఎల్బీనగర్ చౌరస్తాలో లాగడం మానేసింది. జెండాలు పట్టుకున్నవాళ్ళే దాన్ని పక్కకు తోశారు. ఆ సంగతి పెద్దమనిషి ఎక్కడా చెప్పలేదు.

"కావాలనే చేశాడండీ. టెంటులో కూర్చునేవాడికి కారివ్వడం మనదే తప్పు" అన్నాడు సంఘం మీటింగులో.

ఉస్తాద్‌ని పిలిపించారు. వచ్చి బానెట్ ఎత్తారు. పెద్దమనిషి బావమరిది ఏదో కొత్తరకం ఫిల్టర్ తెచ్చి పెట్టి, దానికి చోటు చాలక సెన్సార్‌ని టర్బో పక్కన వంపులోకి జరిపాడు. తీగంతా నల్లటి జిడ్డు. తెల్ల గీత సగం గొట్టం మీద పాతచోటే ఉంది, సగం వంపులో క్లిప్పు మీద ఉంది.

"సార్, మీరు సదువు చెప్పేటోళ్ళు. చూసింది చెప్పుండ్రి, చాలు" అన్నారు నాతో.

చుట్టూ ఉన్నది మావాళ్ళే. "టెస్ట్ చేయకుండా ఇప్పుడే చెప్పలేమండీ" అన్నాను. టెస్ట్ చేయాల్సిందేమీ అక్కడ లేదు, తెగిన గీత కళ్ళముందే ఉంది. పిరికితనానికి ఆ మాట అడ్డం పెట్టుకున్నాను. ఉస్తాద్ బానెట్ మెల్లగా దించి వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా కాలనీ కార్లన్నీ వేరే షెడ్లు చూసుకున్నాయి.

నేను మాత్రం సిగ్గులేకుండా నా కారు ఆయన దగ్గరికే తీసుకుపోయాను. కాదనలేదు, టీ కూడా తెప్పించారు. పని అయ్యాక ప్రతిసారీ దగ్గరికి పిలిచేవారు.

"చూసుకోండ్రి సార్, గీత కలిసిందా?"

"కలిసింది ఉస్తాద్."

అంతే. పదేళ్ళకు పైగా ఆ ఒక్క మాట నాచేత అనిపించారు. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

నిన్న సంఘం హాల్లో సంతాప సభ పెట్టారు. పెద్దమనిషి మైకు పట్టుకోగానే ఒళ్ళు మండి లేచాను. "ఆరోజు గీత తెగి ఉంది. విప్పింది మీ బావమరిది. నేను చూశాను" అన్నాను.

"ఇప్పుడెందుకండీ అవన్నీ" అన్నాడు.

నిజమే, వినాల్సినాయన లేరు. చెప్పాల్సిన రోజున నేను నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి నా కారు బానెట్ ఎత్తాను. సెన్సార్ శుభ్రం చేయించాల్సిన గడువు దాటిపోయింది. ఇక ఎవరు చేసినా ఆ క్లిప్పు విప్పాల్సిందే. గొట్టం మీద మొదలై క్లిప్పు మీదుగా తెల్ల గీత తిన్నగా, ఎక్కడా తెగకుండా ఉంది.

"కలిసింది ఉస్తాద్" అన్నాను పైకే.