పలకని మెట్టు

రెండేళ్ల కిందట జూలైలో రెండో మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి, విజయవాడ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చెప్పిన మాటతో నాకు అరవై ఏళ్ల నాటి మా తిరువూరు చర్చి హార్మోనియం గుర్తుకొచ్చింది. మా చెల్లెలికి రక్తపు క్యాన్సర్. మొదట ఇచ్చిన మందుకు లొంగినట్టే లొంగి తిరగబడింది. ఇక చాలు, ఇంటికి తీసుకుపొమ్మని అది నన్ను పోరుతున్న రోజులవి. డాక్టరమ్మ మాత్రం ఇంకో దారి ఉందన్నది. కణాన్ని అదుపులో పెట్టే కొన్ని జన్యువులు చెడిపోలేదనీ, వాటి మీద రసాయనపు గుర్తులు పడి నోరు మూసుకున్నాయనీ, ఈ కొత్త మందు ఆ గుర్తులను చెరిపేస్తే అవి మళ్ళీ పలకవచ్చనీ, అప్పుడు మొండికేసిన జబ్బు పాత మందుకైనా లొంగవచ్చనీ ఓపిగ్గా చెప్పింది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ హార్మోనియంలో ఒక మెట్టు, ఎవరూ నొక్కకపోయినా, తిత్తి కదపగానే ఊఁ అని మోగేది. బడిలో హెడ్మాస్టరుగా ఉన్న మా నాన్నగారు ఒక ఆదివారం ఆరాధన మొదలవబోతుండగా పైపలక విప్పి, ఆ మెట్టుకు స్వరం పలికించే రీడు కింద మడిచిన కాగితం దూర్చి దాని నోరు నొక్కేశారు. బాగుచేయించడం రేపూ మాపూ అంటూ నాలుగేళ్లు గడిచాయి. చెల్లెలు వాయించడం నేర్చుకున్నది ఆ నాలుగేళ్లలోనే. పలకని మెట్టును దాటి పక్కదాని మీదికి దూకడం దాని వేళ్లకు అలవాటైంది, దాని వెనక పాడే మా సంఘానికంతటికీ అలవాటైంది. ఎ.కొండూరు నుంచి పెళ్లికి వచ్చినవాళ్లు అదే పాటను ఉన్నదున్నట్టు పాడితే, మా పెద్దమ్మ నా చెవిలో, "పాపం, వీళ్లకి రాగం రాదే!" అన్నది. చివరికి నాన్నగారు కాగితం తీసి రీడు సరిచేయించారు. మెట్టు శుభ్రంగా పలికింది. చెల్లెలి వేలు మాత్రం దాన్ని దాటుకునే పోయేది. నాన్నగారు రోజూ సాయంత్రం పక్కన కూర్చుని, ఆ వేలు పట్టుకుని మెట్టు మీద పెట్టేవారు. ఒక్క వారం మానితే మళ్ళీ మొదటికే.

చెల్లెలు ఆ కథంతా డాక్టరమ్మకు చెప్పి, "మరి గుర్తులు చెరిపాక, నా వేలిలాగే అవీ పాత దారే పడితేనో?" అని అడిగింది.

"పడతాయమ్మా. అందుకే నెలనెలా ఇస్తూ ఉండాలి. మానేస్తే మళ్ళీ మూసుకుంటాయి. ఒక్కోసారి మానకపోయినా అంతే."

"మన నాన్నే నయమే అక్కా, సూది లేకుండా నేర్పారు," అని నవ్వి, అది పొట్ట మీద ఇంజెక్షన్లకు ఒప్పుకుంది.

మా అమ్మకు ఇలాంటి జబ్బే వచ్చిన రోజుల్లో దాని పేరు కూడా మాకు చెప్పలేదు. పెద్దవాళ్లు వసారాలో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, మేము వాళ్ల ముఖాలు చూసి తెలుసుకునేవాళ్లం. ఇప్పుడు జబ్బు మనిషినే ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చెబుతున్నారు. అన్నీ తెలిసి ఎదురుచూడటం తేలికేమీ కాదు గాని, అమ్మకు కూడా అడగాల్సినవి కొన్ని ఉండి ఉంటాయి కదా అని ఈ వయసులో అనిపిస్తుంది.

మందు పనిచేసింది, పద్నాలుగు నెలలు. ఒక క్రిస్మసు, ఒక మామిడి కాపు దానికి దక్కాయి. పోయిన ఏడు సెప్టెంబరులో మూసుకున్నవి మళ్ళీ తెరుచుకోలేదు.

పోయినవి ఇవి: దాని జుట్టు, నాలుక మీది ఉప్పు రుచి, ఎనిమిది కిలోల బరువు, ఆఖరికి అది. నన్ను టీచరుగారూ అనేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. అక్కా అని పిలిచేది అదొక్కతే.