జింకల చెలక

జర్మనీలో క్లాస్తాల్ కొండమీద నేను మాస్టర్స్ చదివిన ఆ రోజులు గుర్తొస్తే నవ్వు వస్తుంది గానీ, వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోతుంది. కరోనా రెండో ఏడు. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోనే. ఇంటి నుంచి ఫోను వస్తే ఎత్తాలంటే భయం. మా పెద్దనాన్న చితిని కరీంనగర్ నుంచి వచ్చిన వీడియోలోనే చూశాను. పోనీ కిటికీలోంచి బయటికి చూద్దామంటే, పురుగు పట్టి నిలువునా ఎండిపోయిన చెట్లతో కొండలన్నీ గోధుమ రంగు. అలాంటి కాలంలో, జింకలకు మేతగా ఏం విత్తాలన్న విషయంలో నేను నిపుణురాలినయ్యాను. (చదివింది మెకానికల్. మా ఊళ్ళో చెలకకు, అంటే మెట్ట చేనుకు, వెళ్ళేది సద్ది తినడానికి మాత్రమే.)

మా ఇంటి ఓనరును ఓపా అనేవాళ్ళం, అంటే తాత. కింద ఆయనా, ఆయన భార్య ఓమా ఉండేవారు. పై వాటాలో నేనూ, నా రూమ్మేటు రాజమండ్రి అక్కా. వాళ్ళకు అడవి అంచున చిన్న చెలక ఉండేది. ఎండిన చెట్లు కొట్టేసిన చోట కొత్త మొక్కలు నాటారు కదా, జింకలు వాటి చిగుళ్ళు కొరికెయ్యకుండా ఈ చెలకలో వాటికి వేరే మేత వేసేవారు. ఏటా ఏం విత్తాలో చెప్పేది ఓమానే. ఆ వసంతంలో ఆమెకు కరోనా సోకి, పక్క ఊరి ఆసుపత్రిలో వెంటిలేటరు మీద పడుకుంది. చూడ్డానికి ఎవరినీ రానివ్వలేదు. సాయంత్రాలు ఓ నర్సు ఫోను తీసుకెళ్ళి ఆమె చెవి దగ్గర పెట్టేది, అంతే.

ఒకరోజు ఓపా మెట్ల కింద మాస్కుతో నిలబడి, "మీది వ్యవసాయ దేశం కదా, క్లే వేద్దామంటావా?" అని జర్మన్‌లో అడిగాడు. నేను గాబరాగా పైకి పరుగెత్తాను. "అక్కా, తాత మట్టిల మట్టి ఇత్తుతడంట!" అక్క ఫోనులో వెతికి, "జర్మన్‌లో క్లే అంటే మట్టి కాదే తల్లీ, క్లోవరు! పశువులు మేసే ఆకు," అంది. తర్వాత కాస్త ఆలోచించి, "మెంతులు కూడా వెయ్యమను. జింకలు వద్దంటే మనం తిందాం," అంది. నేను జొన్న అన్నాను. ఈ చలికి జొన్న తల కూడా ఎత్తదని ఓపా కొట్టిపారేశాడు.

ఆ సాయంత్రం కింద నుంచి ఆయన గొంతు వినపడింది. "పైనున్న అమ్మాయి జొన్న అంటోంది. నువ్వు నవ్వుతావని నాకు తెలుసు. ఓట్స్ అయితే ఏమంటావు?" స్పీకరులో అవతల నుంచి మిషను చప్పుడు తప్ప మరేమీ లేదు.

విత్తే అదను దాటిపోతోంది, లేత మొక్కలను జింకలు మొదలంటా కొరికేస్తున్నాయి. నాకు ఓపిక పోయింది. "ఓపా, క్లోవరూ ఓట్సూ ఖాయం చేసేద్దాం," అన్నాను. ఆయన మొహం వాడిపోయింది.

"ఖాయమైపోతే రేపు ఆమెతో ఏం మాట్లాడను?"

అక్కే అందుకుని, "ముల్లంగి సంగతి ఇంకా తేలనే లేదు కదండీ!" అంది, వచ్చీరాని జర్మన్‌లో. ఆనాటి నుంచి రోజుకో విత్తనం వెతికి ఆయనకు అందించడమే మా పని. ఆవాలు, టర్నిప్, బఠాణీ. వాటి మీద మేమిద్దరం నిజంగానే పోట్లాడుకునేవాళ్ళం కూడా.

బఠాణీ సంగతి తేలకముందే ఓమా పోయింది. శ్మశానంలోకి దగ్గరివాళ్ళను మాత్రమే రానిచ్చారు. మేము కంచె బయట వానలో నిలబడ్డాం. మర్నాడు పొద్దున్నే ఓపా తలుపు తట్టి, "రండి, అన్నీ వేసేద్దాం," అన్నాడు. క్లోవరు, ఓట్స్, ఆవాలు, అక్క మెంతులతో సహా అన్నీ కలిపి, ముగ్గురం దూరదూరంగా నడుస్తూ చల్లాం.

చెలక పచ్చబడ్డాక ఓ సాయంత్రం ముగ్గురం చూడ్డానికి వెళ్ళాం. అడవిలోంచి రెండు జింకలు బెరుగ్గా వచ్చి ఆకుల్లో మూతి పెట్టాయి. చేలో పశువు పడితే మావాళ్ళేం చేస్తారో నేనూ అదే చేశాను. చప్పట్లు కొడుతూ, "హే! హుష్! పో అవతలికి!" అని గట్టిగా అరిచాను. జింకలు మాయమైపోయాయి.

"నీ దుంపతెగ, వేసింది వాటికే కదే!" అంది అక్క.

ఓపా భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి వెళ్ళబోయాను. మాస్కు తీశాడు, నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఇది ఆమెకు చెప్పాలి," అన్నాడు. ఆ తర్వాత ఆ నవ్వు మెల్లగా సద్దుమణిగింది.

జింకలు మళ్ళీ వచ్చేదాకా అక్క నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఎష్‌బోర్న్ ఆఫీసులో మీటింగుల మధ్య, అప్పటి నాలోని ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. చెయ్యగలిగింది ఏమీ లేని ఆ రోజుల్లో, కనీసం చేనయినా కాపాడదామని అంత గట్టిగా అరిచిన పిల్ల. దాన్ని వెక్కిరించబోతాను గానీ, మనసొప్పదు.