బావ సఫారీ, నా పదకొండు ప్రశ్నలు

ఆ రోజుల్లో గోదావరిఖనిలో మైకు పట్టుకున్నవాడికి ఉన్న గౌరవం గని మేనేజరుకు కూడా ఉండేది కాదని నా గట్టి నమ్మకం. (నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే అని తర్వాత తెలిసింది.) తెలంగాణ ఇంకా రాలేదు, ఫోన్లలోకి సినిమాలూ రాలేదు, సాయంత్రమైతే కాలనీలన్నీ మా కేబుల్ చానెలే చూసేవి. ఇరవై రెండేళ్లకే అందులో రిపోర్టరుని నేనే, వార్తలు చదివేదీ నేనే, ఎడిటింగు చేసేదీ నేనే. వానొస్తే డిష్షు మీద కవరు కప్పేది కూడా నేనే.

ఒకనాడు మా చానెల్ ఓనరు కాకా పిలిచాడు. "అరేయ్, హైదరాబాద్ నుంచి ఇద్దరు సినిమా ఆడోళ్లు దిగిండ్రట. జల్ది పోయి ఇంటర్వ్యూ పట్టుకరా." సినిమా ఆడవాళ్లు అనగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా బావ పెళ్లినాటి సఫారీ సూటు అడిగి తొడుక్కుని, పదకొండు ప్రశ్నలు రాసుకుని బయల్దేరాను. మొదటి ప్రశ్న: మీకు ఇష్టమైన హీరో ఎవరు?

తీరా చూస్తే అది కార్మికుల కాలనీలో ఒక పాత క్వార్టరు. నలిగిన కాటన్ చుడీదార్లలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె చేతిలో చిన్న కెమెరా. నేను వాళ్లను దాటుకుని నేరుగా జీపు డ్రైవరు దగ్గరికి పోయి "నమస్తే డైరెక్టర్ సార్" అన్నాను. ఆయన పాపం కంగారుపడి "నేను బండి నడిపేటోణ్ణి తమ్మీ, డైరెక్టరు గామె" అన్నాడు. కెమెరా అక్క నవ్వను కూడా నవ్వలేదు. "ప్రతి ఊర్ల ఇదే కథ" అంది.

డైరెక్టరక్క ఆ ఇంటి పిల్లే. చనిపోయిన తండ్రి బొగ్గు తవ్విన మనిషి. ఆమె చెప్పకముందే నాకు అర్థమైంది లెండి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే ఇళ్లన్నీ అదిరి పైకప్పు నుంచి దుమ్ము రాలుతుంది. ఆ రోజూ ఇల్లు అదరగానే ఆమె మాట్లాడుతున్నదల్లా ఆగి, టీ గ్లాసు మీద అరచెయ్యి మూసి, అదురు తగ్గాక ఆపిన మాట దగ్గరే అందుకుంది. నేనూ నా గ్లాసు మూశాను. పాపం కెమెరా అక్క టీలో మాత్రం సున్నప్పెచ్చు పడింది.

ఇద్దరం కనబడేలా మా చానెల్ కెమెరా స్టాండు మీద పెట్టాను. ఆమె గంటసేపు మాట్లాడింది. "మా అమ్మ గురించే తీస్తున్న తమ్మీ. బాపు డ్యూటీ దిగి ఇంటికొచ్చేదాంక ఆమె పానం ఎట్ల కొట్టుకునేదో ఎవ్వలన్న అడిగిండ్రా? మూడేండ్ల సంది బతిమాలుతున్న, కెమెరా ముందు కూసుంటలేదు." కూతురు వేషాల కోసం తిరుగుతోందని కాలనీలో గుసగుసలట. అదే ఆ తల్లి బాధ. లోపలి గదిలోంచి ఆమే కేకేసింది: "నీ పని ఏందో టీవీల చెప్పు బిడ్డా! అందరు ఇన్నంక నేను కూసుంట. అప్పుడు ఏమడిగినా చెప్త."

డైరెక్టరక్క నా చెయ్యి పట్టుకుంది. "నీకు పుణ్యముంటది తమ్మీ, గా అమ్మ ముచ్చట మాత్రం కొయ్యకు."

"ఫికర్ చెయ్యకక్కా" అన్నాను, కాలరు సర్దుకుంటూ.

ఎడిటింగుకు కూర్చున్నాను. కార్యక్రమానికి ఉన్నది ఇరవై నిమిషాలు. అందులో బట్టల దుకాణం ప్రకటనలు, రెండు డ్యూయెట్లు. ఆమె జవాబులేమో పొడుగ్గా ఉన్నాయి. నా ప్రశ్నలేమో పొట్టిగా ఉన్నాయి, ప్రతిదాంట్లోనూ సఫారీ నిండుగా కనబడుతోంది. పదకొండూ ఉంచాను. (ఒక్కటి తగ్గినా బావ ఊరుకోడు మరి.) "పెండ్లెప్పుడు చేసుకుంటరు మేడమ్?" అంటే ఆమె విసుగ్గా నవ్విన నవ్వు ఉంచాను. అమ్మ ముచ్చట కోసేశాను. పైన 'సినీతారతో సరదాగా' అని పేరు కూడా పెట్టి, ఆ సాయంత్రమే చానెల్లో వేసేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు బజార్లో నన్ను పిలిచి మరీ చాయ్ తాగించారు. మూడోది తాగుతుంటే జీపు వచ్చి ఆగింది. కెమెరా అక్క దిగింది. తిడుతుందనుకున్నాను. "వాళ్లమ్మ తలుపేసుకుంది తమ్మీ. 'గిదా నీ పని?' అన్నది, గంతే. మేం పోతున్నం" అంది. "మొత్తం మళ్లొక్కసారి వేస్తనక్కా" అన్నాను. పచ్చి అబద్ధం. మా చానెల్లో ఉన్నవే నాలుగు టేపులు. ఆ పొద్దునే ఆ ఇంటర్వ్యూ టేపు మీద ఎవరిదో కొత్త దుకాణం ప్రారంభోత్సవం రికార్డు చేసి వచ్చాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది మంచిర్యాలలో ఒక చిన్న హాల్లో డైరెక్టరక్క సినిమా వేశారు. వెనక వరుసలో తలదించుకుని కూర్చున్నాను. ఆ తల్లి అప్పటికే పోయిందట. సినిమాలో ఎక్కడా ఆమె ముఖం లేదు. ఉన్నది ఒకే ఒక్క షాటు, నా ఇంటర్వ్యూ టీవీలో వచ్చిన సాయంత్రం కెమెరా అక్క తలుపు సందులోంచి దొంగతనంగా తీసింది. పీట మీద అమ్మ వీపు, ఎదురుగా టీవీ, టీవీలో సఫారీ. "మీకు ఇష్టమైన కూర ఏంది మేడమ్?" అని అడుగుతున్నాను. హాలంతా పడీపడీ నవ్వింది. నా పక్కనున్న పెద్దాయన "ఎవడ్రా గీ బేవకూఫ్?" అన్నాడు. నేనూ నవ్వాను. తెర మీద అమ్మ మాత్రం కదల్లేదు. బిడ్డ మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని మెడ ముందుకు చాచి, నా పదకొండు ప్రశ్నలూ అయిపోయేదాకా వింటూనే ఉంది.