మూడో స్తంభం కాడ సుద్దగీత

కిరండూల్ రైల్వే కాలనీలో పొద్దున్నే నడిచే బంగారురాజు చూపు ఎప్పుడూ నేలమీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడుస్తూ వదులైన బిగింపులు వెతికిన కీమ్యాన్ అలవాటు అది. రిటైరై కూర్చున్నాక షుగరొచ్చింది. మళ్లీ నడకే దాన్ని అదుపులోకి తెచ్చింది. షుగరు తగ్గిందన్న రిపోర్టు జేబులో పెట్టుకుని కనిపించిన వాళ్లందరికీ చూపిస్తాడు. అదే జేబులో సుద్దముక్క ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు.

డాక్టరు నడవమంటే అతనితో బయల్దేరిన పక్కింటి కృపారాణి ఆ ఉదయం మూడో కరెంటు స్తంభం దగ్గరే ఆయాసంతో చతికిలబడింది.

"నా వల్ల అవదు బాబాయ్. రేపట్నుంచి రాను."

బంగారురాజు రిపోర్టు తీయలేదు.

"మొదటిరోజు నేను రెండో స్తంభం కాడే కూకుండిపోయానమ్మా. ఏడుపొచ్చేసింది. దేవుడి దయ, ఎవుళూ చూళ్లేదు."

వంగి, స్తంభం మొదట్లో సుద్దతో గీత గీశాడు. పట్టాల మీద ఏ రోజు పని ఎంతవరకు అయిందో కీమ్యాన్లు అలాగే గుర్తు పెట్టుకునేవారు.

"ఏటి బాబాయ్, నేనేటి రైలుపట్టానా?" అని నవ్వేసింది కృపారాణి. అతను సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు అతను వచ్చేసరికి నాలుగో స్తంభం మొదట్లో వంకరగీత ఒకటి కనిపించింది. నేల చూపుల బంగారురాజు తలెత్తి, ఆమె కోసం రోడ్డు చివరిదాకా చూశాడు.