ఇరుక్కున్న మెయిళ్ళు

ఆఫీసులో అతన్ని ‘సరేగారు’ అనేవాళ్ళు. ఎవరేం చెప్పినా సరే అనేవాడు గనక. ఎగతాళికి పెట్టిన పేరే అయినా, పిలిస్తే పలికేవాడు.

పిల్లల్ని దత్తత ఇచ్చే ఒక ఆశ్రమానికి వెబ్‌సైటు చేసే పని అతని నెత్తిన పడింది. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్లో సైటు బాగానే నడిచేది, మెయిల్ ఒక్కటే కదిలేది కాదు. “మీకు బిడ్డ దొరికింది, రేపు పొద్దున వచ్చి చూసుకోండి” అని నమూనాగా రాసి, ఉత్తుత్తి పేర్లు పెట్టి బటన్ నొక్కేవాడు. ఎవరికీ చేరేది కాదు.

“దొంగ పేర్లు దేనికయ్యా? దరఖాస్తు పెట్టినవాళ్ళ అడ్రసులతోనే చూడు. ఎలాగూ పోవట్లేదుగా” అన్నాడు మేనేజరు.

కాస్త నసిగి, సరే అన్నాడు. ఆ దరఖాస్తుల్లో అతని అన్నావదినలదీ ఉంది. తల్లి పోయాక అతనికి అన్నం పెట్టి చదివించింది ఆ వదినే.

క్లౌడ్ వాళ్ళు మెయిళ్ళను నేరుగా బయటికి పోనివ్వరని, వేరే మెయిల్ సర్వీసు పెట్టుకోవాలని తర్వాత తెలిసింది. పెట్టాడు. అప్పటిదాకా నొక్కినవేవీ చెరిగిపోలేదు, సర్వర్లోనే వరస కట్టి కూర్చున్నాయి. దారి దొరకగానే అన్నీ ఒక్కసారే అందరికీ పోయాయి.

తెర చూసి మేనేజరు అతని భుజం తట్టాడు. “ఇదిగో, పోతున్నాయిగా!”

అంతలో వదిన ఫోను. “ఏమయ్యా దొంగా! నీకు ముందే తెలిసి నోరు మెదపలేదు కదూ? పాపో బాబో రాయలేదే. నువ్వైనా చెప్పు.”

“కనుక్కుంటా వదినా” అని పెట్టేశాడు.

పొరపాటున వెళ్ళింది, క్షమించండి అని ఇంకో మెయిల్ రాశాడు. “క్షమించమంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఆ ముక్క తీసెయ్” అన్నాడు మేనేజరు. సరే అని తీసేసి పంపాడు. వదినకు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. మెయిల్ చూసుకుంటుందిలే అనుకున్నాడు.

ఆమె చూడలేదు. ఊయల కొనడానికి బజారుకెళ్ళింది.

మర్నాడు వచ్చినవాళ్ళకి నచ్చజెప్పి పంపమని మేనేజరు అతన్నే ఆశ్రమానికి తోలాడు. వరండాలో కొత్త బట్టల్లో జంటలు నిలబడి ఉన్నాయి. అతన్ని చూడగానే వదిన మొహం వెలిగిపోయింది. “వచ్చావా! నువ్వు రాకుండా ఉంటావా!”

మొదటి మెయిల్ పొరపాటున వచ్చిందని, ఆ సంగతి రెండో మెయిల్లో రాశామని అందరూ వింటుండగా చెప్పాడు. ఎవరో ఆడమనిషి పెద్దగా నవ్వి, ఆ నవ్వు ఆపుకోలేకపోయింది. అన్న గేటు కాపలావాణ్ణి తోసుకుంటూ లోపలికి పరిగెత్తాడు. “ఎక్కడ? ఎక్కడ పెట్టారు?” అని ప్రతి గది తలుపూ తీశాడు. పసిపిల్లలు బెదిరి ఏడుపందుకున్నారు.

వదిన అరవలేదు. “మొదటిది పంపావు, తెలియక. రెండోదీ పంపావు. మధ్యలో నేను ఫోన్ చేశాను కదయ్యా” అంది.

గొడవ చేసే ఇంటికి బిడ్డను ఇవ్వలేమని వారం తిరక్కుండా ఆశ్రమం అన్నావదినల దరఖాస్తు కొట్టేసింది. ఆ సంగతీ మెయిల్లోనే వచ్చింది.

ఆదివారం అతను అన్న ఇంటికి వెళ్ళాడు. అన్న టీవీ మీంచి చూపు తిప్పలేదు. వదిన మంచినీళ్ళిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, అందుకుని లోపలికెళ్ళింది. కాసేపు కూర్చుని, తలుపు దగ్గరికేసి వచ్చేశాడు.