రంపం మిషనుకి మా మేనత్త పెట్టిన పరీక్ష

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలోకి వచ్చే వేసవి సెలవుల్లో, తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మోటారుతో తిరిగే రంపం మిషను ఒకటి ఉండేది. మా నాన్న వడ్రంగం పని చేసేవారు. బల్ల మధ్య చీలికలోంచి గుండ్రటి రంపం సగం పైకి లేచి ఉండేది. కర్ర దూరేటంత సందు వదిలి దాని మీద ఇనప మూత. ఆ మూత దింపితేనే మోటారు తిరగాలి, ఎత్తితే ఆగిపోవాలి. అందుకని మూత కింద చిన్న స్విచ్చు ఒకటి బిగించి ఉండేది. దానికి నాలుకలాంటి రేకు. మూత బరువుకి ఆ నాలుక నొక్కుకుంటే మోటారుకి కరెంటు అందేది. ఆ ఏర్పాటు చేసింది మా మేనత్త.

ఆమెది బాపట్ల. మామయ్యతో కలిసి మోటార్లకి వైండింగు చేసే కొట్టు నడిపేది. కాలిపోయిన మోటారు విప్పి కొత్త తీగ చుట్టడంలో మామయ్య కంటే ఆమె చెయ్యే చురుకని అందరూ అనేవారు, మామయ్యతో సహా. ఆమె వస్తోందంటే నాకు ముందు రోజు నుంచే కాలు నిలిచేది కాదు. చేతిసంచిలో జంతికల పొట్లం పక్కన స్క్రూడ్రైవరు లేకుండా ఆమె మా ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వేసవిలో రేపల్లెలో ఒక బడికి బెంచీలు చేసి పంపుతానని నాన్న మాటిచ్చారు. సెలవులయ్యి బడి తెరిచేలోగా అవి అందాలి. సగం బెంచీలు అయ్యేసరికి మిషను మొండికేసింది. కర్ర కోస్తూ ఉండగా ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే తిరిగేది. నాన్న అనుమానమంతా మూత కింది స్విచ్చు మీదే. ఒకరోజు కట్టుతీగ తెచ్చి ఆ నాలుకను గట్టిగా నొక్కిపెట్టి కట్టేశారు. ఇక మూత ఎత్తినా దించినా ఒకటే. "పనయ్యాక విప్పేద్దాంలే. అత్తకి చెప్పకు," అన్నారు నాతో. అలా వారం గడిచింది.

సోమవారం బడి తెరుస్తారనగా శుక్రవారం పొద్దున మిషను మళ్లీ ఆగింది. రంపం పక్కన చెక్కముక్క ఒకటి ఇరుక్కుంది. నాన్న మూత ఎత్తి, ముక్కను లాగడానికి వేళ్లు లోపల పెట్టారు. సరిగ్గా అప్పుడే మా మేనత్త పాసింజరు రైలు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చింది. కట్టుతీగ చూసింది. ఎవర్నీ పలకరించలేదు. సంచి కిందపెట్టకుండానే గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్చు దించేసింది.

"ఏం పర్లేదమ్మాయ్, ఆగిపోయిందిగా," అన్నారు నాన్న.

"ఆగిపోయిందా అన్నయ్యా, నువ్వు ఆపావా?"

నాన్నకి ఆ మాట అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమె వివరించలేదు. మోటారు నుంచి రంపానికి వెళ్లే బెల్టు ఊడదీసింది. ఇక మోటారు తిరిగినా రంపం కదలదు. మా ఇద్దర్నీ దూరంగా నిలబెట్టి మెయిన్ వేసింది. మోటారు ఉలకలేదు. అప్పుడు ఓ పొడుగు కర్రతో బల్ల కాలిని మెల్లగా తట్టింది. అంతే, మోటారు రయ్యిమని అందుకుంది. మూత ఇంకా ఎత్తే ఉంది.

నాన్న తన కుడిచేతి వేళ్లకేసి చూసుకున్నారు. తర్వాత వెళ్లి పీట మీద కూర్చుండిపోయారు. నేను భయంతో గోడకి అతుక్కుని నిలబడ్డాను.

మా మేనత్త మెయిన్ దించి, ఫ్యూజు పీకి, దాన్ని నా చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరున్నంతసేపూ దీనికి కరెంటు రాదు. నేనడిగినా పనయ్యేదాకా ఇవ్వకు." దాన్ని గౌను జేబులో వేసుకుని పైనుంచి చేత్తో పట్టుకున్నాను. ఇందాకటి భయం పోయి, ఆ షెడ్డుకి నేనే పెద్దననిపించింది.

"స్విచ్చు కట్టేశాక ఆగడం మానేసిందా?" అని అడిగింది నన్ను.

"లేదత్తా, ఇంకా ఎక్కువైంది."

"మరి తప్పు దాందేనని ఎలా అనుకున్నారు?"

ఆమె కట్టుతీగ తెంపింది. టార్చిలైటులోంచి బ్యాటరీలు తీసి, వాటికి చిన్న బల్బు, రెండు తీగలు కలిపి నాకిచ్చింది. ఆ తీగల మధ్య కరెంటు దారి తెగకుండా ఉంటే బల్బు వెలుగుతుంది, తెగితే వెలగదు. ముందు స్విచ్చుకి పెట్టి నాలుక నొక్కాను. వెలిగింది. "స్విచ్చు బాగుందత్తా," అన్నాను. ఆమె "ఊఁ" అని ఊరుకుంది.

తర్వాత స్విచ్చు నుంచి మోటారుకి వెళ్లే కేబులు. దాని రెండు కొసలకి ఆ తీగలు కడితే బల్బు వెలుగుతూనే ఉంది. బెత్తెడు బెత్తెడు వంచుతూ రమ్మంది. వంచుకుంటూ, బల్బు మీంచి చూపు తిప్పకుండా పాకుతూ వెళ్లాను. బల్ల ఇనప కాలికున్న చిల్లులోంచి కేబులు దూరేచోట వంచేసరికి బల్బు ఠక్కున ఆరింది. మళ్లీ వంచాను, వెలిగింది. నేను పెట్టిన కేకకి వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. పైన రబ్బరు మీద గీతైనా లేదు. కోసి చూస్తే లోపల రాగి పోచలన్నీ తెగి, కొసలు ఒకదానికొకటి ఆనీ ఆనకుండా ఉన్నాయి. మిషను అదురుకి అవి కలిస్తే తిరుగుతోంది, విడిపోతే ఆగుతోంది.

కొత్త కేబులు వేశాం. మూత దించి, ఫ్యూజు పెట్టి, మెయిన్ వేస్తే మోటారు హాయిగా తిరిగింది. బల్ల కాలిని ఎంత తట్టినా ఆగలేదు. నేను గంతులేశాను. మా మేనత్త అమ్మ ఇచ్చిన టీ తాగుతూ, "అయిపోయినట్టేనా?" అంది.

"అయిపోయిందత్తా."

"అయితే మూత ఎత్తు."

ఎత్తాను. మోటారు తిరుగుతూనే ఉంది. పరిగెత్తి మెయిన్ దించేశాను. ఏడుపొచ్చింది.

"నొక్కితే వెలిగిందని చూశావు. వదిలితే ఆరిందా?"

నేను అది చూడనే లేదు.

"చూడలేదని నాకప్పుడే తెలుసే. నేను చెబితే రేపటికి మర్చిపోతావని ఊరుకున్నా. బెల్టు తీసే ఉంది కదా, ఏం కాదులే," అని నన్ను దగ్గరికి తీసుకుంది.

స్విచ్చు విప్పి చూస్తే లోపలి స్ప్రింగు చచ్చుబడిపోయి ఉంది. వారంపాటు నొక్కి కట్టేస్తే నాలుక పైకి లేవడం మానేసింది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో నొక్కి చూశారు. "బాగున్నదాన్ని నేనే పాడుచేశానన్నమాట," అన్నారు.

"అవునన్నయ్యా," అంది మా మేనత్త మెత్తగా.

స్ప్రింగు సాగదీసి వాడదామని నాన్న అంటే ఆమె ఒప్పుకోలేదు. అత్తా నేనూ బజారుకి వెళ్లి కొత్త స్విచ్చు తెచ్చాం. అది బిగించాక నాన్నే మూత ఎత్తారు. మోటారు ఆగింది. దించి, మళ్లీ ఎత్తారు. మళ్లీ ఆగింది. ఇరవై సార్లు చేయించింది ఆయన చేత. ఆగిన ప్రతిసారీ నేను చప్పట్లు కొట్టాను. చివరికి నాన్న కూడా నవ్వారు. అప్పుడు గానీ బెల్టు వేయనివ్వలేదు. శని, ఆదివారాలు మా షెడ్డు మోగిపోయింది. సోమవారం బడి గంట కొట్టేలోగా బెంచీలు రేపల్లె చేరాయి.

నాకిప్పుడు అరవై దాటాయి. నేను వైండింగు నేర్చుకోలేదు, మిషన్ల పనీ చేయలేదు. కానీ ఆ రోజు నుంచి ఏ వస్తువు ఇంటికొచ్చినా దాన్ని రెండో వైపు నుంచి చూడటం అలవాటైంది. గ్యాస్ పొయ్యి వెలిగిందని సంతోషపడను, మీట తిప్పి కట్టేశాక మంట పూర్తిగా పోయిందో లేదో వంగి చూస్తాను. మొన్న మా మనవరాలు చెక్కబొమ్మలు చేయడానికి చిన్న కటింగు మిషను తెప్పించుకుంది. పెట్టె విప్పీ విప్పగానే ఆన్ చేసి, "చూడమ్మమ్మా, ఎంత బాగా నడుస్తోందో," అంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఇప్పుడు ఆపి చూపించమన్నాను.